ఆరో ప్రశ్న

మూడో అంతస్తు అద్దె ఇల్లు,
బడి తెరిచిన మూడో శుక్రవారం.

గువ్వ వాళ్ళ అమ్మగారికి,

నమస్కారం. ఇలా మొదలుపెట్టమని మధ్యవర్తిగారు చెప్పారు కాబట్టి పెట్టాను. పదకొండేళ్ళు నువ్వు, నువ్వు అని అరుచుకున్నవాళ్ళం ఇప్పుడు మీరు, తమరు అని రాసుకోవాలంటే చెయ్యి సాగడం లేదు. కానీ ఏం చేస్తాం. ఫోనులో మాట్లాడుకుంటే రెండో నిమిషానికే గొంతులు లేస్తున్నాయని విడాకుల కాగితంలోనే రాసేశారు. పిల్ల ఇల్లు మారే ప్రతి శుక్రవారం సంచిలో ఒక ఉత్తరం, ఆ ఉత్తరానికి ఒక నకలు ఆయన ఫైలులోకి. ఏడాది చివరి పరీక్షలయ్యాక ఆయన ఆ ఫైలంతా తిరగేసి గువ్వ ఎవరి దగ్గర పెరగాలో తేలుస్తారు. రెండోవాళ్ళకి నెలకో ఆదివారం. నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి, నాకు రాతకోతలు రావు. మీరు మందుల షాపులో పొద్దస్తమానం డాక్టర్ల గీతలు చదివే మనిషి. పందెం మొదలవకముందే మీవైపు మొగ్గింది.

ఇక ఈ వారం సంగతులు. గువ్వ హుషారుగా ఉంది. భాగహారం వచ్చేసింది. మా అమ్మ దగ్గర పడుకుని కథలు చెప్పించుకుంటోంది. బూట్లు బిగుతయ్యాయంటోంది, చూడండి. కుడి చేతి చూపుడు వేలికి కట్టు ఉంటుంది, కంగారుపడకండి. పాల గ్లాసు నా చేతిలోంచి జారి పగిలింది. ముక్కలు తియ్యబోయి గీసుకుంది. తప్పు నాదే.

ఇట్లు,
గువ్వ నాన్న.


మందుల షాపు మీది వాటా,
నాలుగో శుక్రవారం.

గువ్వ వాళ్ళ నాన్నగారికి,

నమస్కారం. రాతకోతలు రావంటూనే బాగానే రాశారు. మీకు రానిది ఏదైనా ఉందంటే అది ఒప్పుకోవడం ఒక్కటే.

కట్టు విప్పి చూశాను. గీసుకోవడం కాదది, కోసుకోవడం. లిఫ్టు గోతిలో ఒంటిచేత్తో తాడు పట్టుకుని వేలాడే మనిషి చేతిలోంచి పాల గ్లాసు జారిందంటే నమ్మడం కష్టంగానే ఉంది. అయినా నమ్ముతున్నాను, ఎందుకంటే ఇక్కడ నమ్మనివాళ్ళ పేరే చెడుతుంది.

బూట్లు కొన్నాను. ఒక సైజు పెద్దవి.

క్లాసు టీచరు పిలిచి మాట్లాడారు. గువ్వ క్లాసులో పరధ్యానంగా ఉంటోందట. పిలిస్తే పలకకుండా కిటికీవైపు చూస్తూ ఉండిపోతోందట. ఏ వారాల్లో అని అడిగాను. మీ దగ్గరున్న వారంలోనే ఎక్కువ అన్నట్టు చెప్పారు. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. పిల్లకి నిద్ర సరిపోతోందో లేదో చూసుకోమని మాత్రమే అంటున్నాను. నా దగ్గర అలాంటిదేమీ లేదు. చక్కగా తింటుంది, చక్కగా చదువుతుంది.

ఇట్లు,
గువ్వ అమ్మ.


మూడో అంతస్తు,
ఏడో శుక్రవారం.

గువ్వ వాళ్ళ అమ్మగారికి,

టీచరు దగ్గరికి నేనూ వెళ్ళాను. "ఏ వారం అని నేనేం లెక్కపెట్టలేదండీ, పిల్ల పరధ్యానంగా ఉంటోంది, అంతే" అన్నారు ఆవిడ. మీ ఉత్తరంలో మాత్రం వారాల లెక్క వచ్చేసింది. చదివేది మధ్యవర్తిగారు అయినప్పుడు మీ కలానికి ఎక్కడలేని చురుకు వస్తుంది.

ఇక్కడ పిల్ల తొమ్మిదింటికల్లా నిద్రపోతోంది. మీ దగ్గరనుంచి వచ్చిన మొదటి రెండు రోజులు కాస్త డల్‌గా ఉంటుంది, తరవాత మామూలైపోతుంది. ఎందుకలా అని నేను అడగను. మీరూ చెప్పరు.

మోచెయ్యి దోక్కుపోయింది, ఆటలో పడింది. మందు రాశాం.

ఇట్లు,
గువ్వ నాన్న.


మందుల షాపు మీది వాటా,
ఎనిమిదో శుక్రవారం.

గువ్వ వాళ్ళ నాన్నగారికి,

మీ చురకలకి జవాబు రాస్తే కాగితం చాలదు కాబట్టి వదిలేస్తున్నాను.

పిల్ల నుదుటిమీద బొప్పి చూస్తారు. మా మెట్లు మీకు తెలుసు, ఇరుకు. కొత్త బూట్లు వదులుగా ఉండి కాలు మడతపడింది. మూడే మెట్లు. బూట్ల ముందుభాగంలో దూది పెట్టాను, ఇక జారదు. ఇది కూడా నా ఖాతాలో రాసుకుంటారని తెలుసు. బూట్లు పెద్దవి కొనడం నా తప్పే అని ముందే ఒప్పేసుకుంటున్నాను. ఒప్పుకోవడం ఎలాగో చూసి నేర్చుకోండి.

ఇంకో సంగతి. వచ్చే నెలనుంచి నాలుగో తరగతి వాళ్ళకి ఈత నేర్పుతారట. ఇద్దరి సంతకాలూ కావాలి. ఫారం సంచిలో పెట్టాను. పేరు, పుట్టినతేదీ, రక్తం గ్రూపు, టీకాలు అన్నీ నింపాను. ఆరో ప్రశ్న ఒక్కటి మీకు వదిలాను. "పిల్లకి తల తిరగడం, స్పృహ తప్పడం, ఉన్నట్టుండి కాసేపు కదలకుండా ఉండిపోవడం వంటివి ఉన్నాయా?" అన్నది. అన్నీ నేనే నింపితే తండ్రికి చోటివ్వలేదంటారు. మీ దగ్గర చూసినదాన్నిబట్టి మీరే రాయండి.

ఇట్లు,
గువ్వ అమ్మ.


మూడో అంతస్తు,
తొమ్మిదో శుక్రవారం.

గువ్వ వాళ్ళ అమ్మగారికి,

మీరు వదిలిన చోటు చూశాను. పది ప్రశ్నల్లో ఆ ఒక్కటే నాకెందుకు వదిలారో అర్థం కానంత అమాయకుణ్ణి కాను.

ఆరో ప్రశ్నకి "లేదు" అని రాసి సంతకం పెట్టాను. మీ దగ్గర వేరేగా ఏమైనా ఉంటే దిద్దండి.

గువ్వ ఈత అంటే ఎగిరి గంతేస్తోంది. మా అమ్మ మంచంమీద బోర్లా పడుకుని కాళ్ళు కొట్టి పరుపంతా చిందరవందర చేసింది. నీలం రంగు టోపీ కావాలట.

ఇట్లు,
గువ్వ నాన్న.


మందుల షాపు మీది వాటా,
పదో శుక్రవారం.

గువ్వ వాళ్ళ నాన్నగారికి,

దిద్దాల్సినదేమీ లేదు. నేనూ సంతకం పెట్టి బడికి పంపాను. నీలం టోపీ కొన్నాను.

ఇట్లు,
గువ్వ అమ్మ.


ఆసుపత్రి, రెండో అంతస్తు, అద్దాల గది బయటి బల్ల,
పొద్దున్న.

నీకు,

దీనికి నకలు లేదు. మధ్యవర్తిగారు నిన్న ఫోను చేశారు. ఫైలు పక్కన పెట్టామన్నారు. ఆయన గొంతులో జాలి విని ఫోను పెట్టేశాను.

లోపలికి ఒక్కరినే రానిస్తామంటున్నారు కాబట్టి పగలు నేను, సాయంత్రం నుంచి నువ్వు. తలుపు దగ్గర ఎదురుపడినప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోతున్నాం. అందుకే రాసి మంచం పక్క సొరుగులో పెడుతున్నాను.

నిన్న పెద్ద డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి అడిగారు. "ఈత నేర్పే మాస్టారు చెప్పిందాన్నిబట్టి పిల్ల కాళ్ళుచేతులు కొట్టుకోలేదు, అరవలేదు. ఈదుతూ ఈదుతూ ఆగిపోయింది, మెల్లగా కిందికి వెళ్ళింది. పన్నెండుమంది పిల్లల్లో ఆయన గమనించేసరికి నిమిషం దాటింది. ఇలా ఆగిపోవడం ఇదే మొదటిసారా? ఇంతకుముందు ఎప్పుడెప్పుడు అయింది, తేదీలు రాసివ్వండి, మందు నిర్ణయించాలి" అన్నారు. వాళ్ళమ్మని కూడా అడిగి చెబుతానన్నాను. అబద్ధం. నా దగ్గరే ఉన్నాయి తేదీలు.

పాల గ్లాసు నా చేతిలోంచి జారలేదు. గువ్వ చేతిలో ఉంది. తాగుతూ తాగుతూ అలా నిలిచిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, పెదాలు మాత్రం ఏదో నములుతున్నట్టు కదిలాయి. గ్లాసు కిందపడి పగిలింది. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు. తరవాత నావైపు తిరిగి "నాన్నా, గ్లాసు ఎవరు పడేశారు?" అని అడిగింది. అడిగి, తనే పడేసిందేమో అనుకుని, నేను తిడతానని గబగబా ముక్కలు ఏరింది.

మోచెయ్యి ఆటలో కాదు, స్నానాలగదిలో. గువ్వ అలా నిలిచిపోవడం మా అమ్మ అయిదుసార్లు చూసింది. "పిల్ల చూపు ఎక్కడికో పోతోందిరా, డాక్టరుకి చూపించు" అని నా ప్రాణం తీసింది. నేనేమన్నానో తెలుసా? "నువ్వు ఊరుకో అమ్మా. డాక్టరు చీటీ రాస్తే ఆ చీటీ గువ్వ వాళ్ళమ్మ షాపుకే పోతుంది, చూసి ఫైలులో పెడుతుంది" అన్నాను. ఈ చుట్టుపక్కల మందుల షాపు నీ ఒక్కదానిదే మరి. పిల్ల నా ఇంట్లో ఇలా అవుతోందంటే నా ఇల్లే దానికి పడలేదంటారు, పిల్లని నీకిచ్చేస్తారు. నీ ఉత్తరాల్లో చూస్తే నీ దగ్గర చక్కగా తింటోంది, చక్కగా చదువుతోంది. నా దగ్గరే ఇలా అవుతోందంటే నా అరుపులు విని విని పిల్ల బెదిరిపోయిందనుకున్నాను. నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకున్నాను. టీవీ కట్టేశాను. అదే మందనుకున్నాను.

ఆరో ప్రశ్న ఖాళీగా కనిపించగానే ఒళ్ళు మండింది. నాతో "ఉంది" అని రాయించి నన్ను ఇరికించడానికే వదిలావనుకున్నాను. ఏ బిల్డింగులోనూ లిఫ్టులో పైదాకా ఒకసారి ఎక్కి దిగనిదే తనిఖీ కార్డుమీద సంతకం పెట్టను నేను. యజమాని తిట్టినా పెట్టను. నా కూతురి కాగితంమీద మాత్రం నీమీద కోపంతో పెట్టాను.

గువ్వ ఈ ఉదయం కళ్ళు తెరిచింది. నావైపు చూసింది. నన్నే చూసిందో, నా వెనక గోడని చూసిందో తెలియలేదు. మెదడుకి గాలి అందని సమయం ఎక్కువే అంటున్నారు. ఎంత తిరిగి వస్తుందో చెప్పలేమంటున్నారు.

నువ్వు నన్ను తిట్టాలి. తిట్టకపోతే తట్టుకోలేను.


ఆసుపత్రి,
అదే రోజు రాత్రి.

నీకు,

తిట్టడానికి నాకు నోరు లేదు.

మెట్లమీద జారింది బూట్లవల్ల కాదు. దిగుతూ దిగుతూ కిందనుంచి మూడో మెట్టుమీద ఆగిపోయింది. నేను కింద నుంచుని "ఏమిటే కొయ్యబొమ్మలా నుంచున్నావు, బడికి టైమవుతోంది" అని అరుస్తున్నాను. అరుస్తుండగానే ముందుకి తూలింది. బూట్లలో దూది పెట్టాను నేను. దూది. రోజూ ఇద్దరో ముగ్గురో వస్తారు మా షాపుకి, మూర్ఛ మాత్రల కోసం. "మా బాబు కాసేపు అలా ఉండిపోతాడమ్మా" అని వాళ్ళు చెబుతుంటే, ఏ పూటకెన్ని వేసుకోవాలో చెప్పి, పట్టీలు కత్తిరించి ఇస్తాను. నీకు తెలియలేదంటే అర్థముంది. నాకు తెలుసు. మొదటిసారి అన్నం ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయినప్పుడే తెలుసు. తెలుసునని నాకు నేనే చెప్పుకోలేదు. అయినా ఆగిపోయిన ప్రతిసారీ తేదీ రాసిపెట్టాను, పద్దెనిమిది సార్లు. తేదీలు కింద ఉన్నాయి, నీవాటితో కలిపి డాక్టరుగారికి ఇచ్చేయి.

ఆరో ప్రశ్న నిన్ను ఇరికించడానికి వదల్లేదు. నీ కాళ్ళు పట్టుకున్నట్టే వదిలాను. నోరు విప్పి అడగలేక అలా అడిగాను. నువ్వు "ఉంది" అని రాస్తే నేనూ "నా దగ్గరా ఉంది" అని రాసేద్దును. ఇద్దరం ఒప్పుకుంటే ఇద్దరిమీదా తప్పుండదు కదా అని నా తెలివి. వారమంతా ఆ ఫారం కోసమే ఎదురుచూశాను. సంచి తెరిచి చూస్తే "లేదు" అని ఉంది, నీ పెద్ద పెద్ద అక్షరాల్లో. అప్పుడు ఏమనుకున్నానో చెప్పనా? వాళ్ళ నాన్న దగ్గర బాగుంటోందన్నమాట, నా దగ్గరే పిల్ల ఇలా అయిపోతోందన్నమాట, ఇది బయటపడితే పిల్ల నాకు దక్కదు, అనుకున్నాను. అనుకుని సంతకం పెట్టాను. బడికి పంపి, పొద్దున్నే షాపు తెరిచాను.

అంటే నీ ఉత్తరం నమ్మి నేను, నా ఉత్తరం నమ్మి నువ్వు. జీవితంలో ఒకరి మాట ఒకరం నమ్మింది ఇదొక్కసారే.

గువ్వ కుడి చెయ్యి బిగుసుకుపోతోంది, మెల్లగా ఒత్తుతూ ఉండమంది నర్సు. నేను ఎడమవైపు కూర్చుని అందుకోలేక అవస్థపడ్డాను. నువ్వు కుడివైపు కూర్చో.


ఆసుపత్రి,
మర్నాడు మధ్యాహ్నం.

నీకు,

తేదీలు రెండూ పక్కపక్కన పెట్టి ఇచ్చాను. డాక్టరుగారు చాలాసేపు చూశారు. "బడి తెరిచిన వారంనుంచీ ఉంది. మొదటి నెలలోనే తీసుకొచ్చుంటే రోజుకి రెండు మాత్రలతో పోయేది, ఈతకి మేమే వద్దనేవాళ్ళం" అన్నారు. తిట్టలేదు. చీటీ రాసిచ్చారు. నీ షాపుకే వెళ్ళి, అక్కడి కుర్రవాడి దగ్గర తెచ్చాను.

ఒక మాట నిన్న రాయలేదు, సిగ్గేసి. గ్లాసు పగిలిన రోజు గువ్వతో "అమ్మకి చెప్పకు, ఊరికే కంగారుపడుతుంది" అన్నాను. "సరే నాన్నా" అంది. ఆ తరవాత ప్రతిసారీ నేను అనకముందే తనే "అమ్మకి చెప్పనులే" అనేది. నా పిల్ల నా పక్షం అని లోలోపల సంతోషించాను. థూ.

ఈ రోజు చెంచాతో నీళ్ళు మింగింది. మాట లేదు.


ఆసుపత్రి,
సాయంత్రం.

నీకు,

నేనూ అన్నాను. "నాన్నకి చెప్పకమ్మా, మనిద్దరి మధ్యే" అన్నాను. చెప్పకుండా ఉంటే జడకి కొత్త క్లిప్పులు కొంటానన్నాను. కొన్నాను కూడా.

ఇందాక ఈత మాస్టారు వచ్చారు. పెద్దమనిషి, లోపలికి రానివ్వరని తెలిసీ గంటసేపు వరండాలో నుంచున్నారు. నన్ను చూసి చేతులు జోడించారు. తప్పంతా తనదే అన్నట్టు మాట్లాడుతుంటే నాకు చచ్చిపోవాలనిపించింది. ఫారంలో మేం అబద్ధం రాశామని చెప్పాను. ఆయన వరండా బల్లమీద కూర్చున్నారు. తరవాత ఈ సంగతి చెప్పారు. ఆయన చెప్పినట్టే రాస్తున్నాను, ఒక్క ముక్క వదలకుండా.

ఆ రోజు పిల్లలందరూ నీళ్ళలోకి దిగుతున్నారట. గువ్వ ఒక్కతే గట్టుమీద టోపీ సర్దుకుంటూ నుంచుందట. ఏమ్మా, భయమేస్తోందా అని ఈయన దగ్గరికెళ్ళారట.

"లేదు సార్. మీకొక మాట చెప్పాలి. కానీ మా అమ్మకి చెప్పకూడదు, మా నాన్నకి చెప్పకూడదు. చెప్పనంటేనే చెబుతాను."

"అలా ఎలాగమ్మా? అమ్మకీ నాన్నకీ తెలియకూడని మాటలు నాకు చెప్పకూడదు. ముందు ఇంట్లో చెప్పు. సరేనా?"

గువ్వ కాసేపు ఆలోచించిందట. వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకుందట. మనిద్దరినీ తీసేస్తే ఇంకెవరున్నారా అని చూసుకుందేమో.

"అయితే ఏం లేదు సార్" అని నీళ్ళలోకి దిగిందట.

రేపు పొద్దున్న నువ్వు వచ్చాక నేను ఇంటికి వెళ్ళను. ఇద్దరినీ లోపల ఉండనివ్వమని ఆ నర్సు కాళ్ళమీదైనా పడతాను. నువ్వు కుడివైపు, నేను ఎడమవైపు కూర్చుని, ఒకేసారి, దానికి వినబడేలా చెప్పాలి. ఎవరికైనా చెప్పొచ్చు తల్లీ, అమ్మకీ చెప్పొచ్చు, నాన్నకీ చెప్పొచ్చు అని. రోజూ చెప్పాలి. దానికి మాట తిరిగి రాకపోయినా చెప్పాలి.

తొందరగా రా.